చెమట పట్టని పిల్ల

పిల్లను బడిలో వేయడానికి వెళ్లిన తల్లులు ఆటస్థలం ఉందా అని అడుగుతారు. కమలకుమారి మాత్రం, లేదు కదా అని అడిగింది.

పలాస కాశీబుగ్గ బజారు పక్కన ఉన్న ఇంగ్లీషు మీడియం బడి అది. కింద మందుల షాపు, ఫ్యాన్సీ షాపు. పైన రెండంతస్తులూ బడి. ఆ పైన డాబా. ఆటస్థలం సంగతి వినీ వినీ విసిగిపోయిన ప్రిన్సిపాల్ గారు సగం మాటే విని, వచ్చే ఏడాదికల్లా స్థలం చూస్తున్నామని సంజాయిషీ మొదలుపెట్టారు. వద్దండీ, లేకపోతేనే మాకు మంచిది అంది కమల. అంత సులువుగా సర్దుకుపోయిన తల్లిని ఆవిడ తన సర్వీసులో చూసి ఉండరు. మెట్ల దగ్గర తలుపు, వరండా పొడవునా ఇనుప గ్రిల్లు, కిటికీలకు గ్రిల్లు. కోతుల కోసం పెట్టించామన్నారు. కోతుల కోసమో కొండముచ్చుల కోసమో, వాటిని చూశాక కమలకు ప్రాణం లేచొచ్చింది. ఈ గ్రిల్లు లోపల తన కూతురు పరిగెత్తలేదు. పరిగెత్తకపోతే చెమట పట్టదు. చెమట పట్టకపోతే పిల్ల బతుకుతుంది.

ఇదేం పిచ్చి అనుకుంటారేమో. పిచ్చి కాదు. ఉద్దానంలో, కవిటి పక్క పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లెవరినైనా అడగండి, ఈ భయం ఎక్కడ పుడుతుందో చెబుతారు.

కమల తండ్రి జనార్దనరావుకు అక్కడ కొబ్బరితోట, దాని వెనక కాస్త జీడితోట ఉండేవి. రైతునని గట్టు మీద కూర్చునే రకం కాదు, కూలీలతో సమానంగా ఒళ్లొంచేవాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి పిండేవాడు. ధారగా కారేది. చిన్నప్పుడు కమలకు అది చూడడం సరదా, ఇంకా పిండు నాన్నా అనేది. కొన్నేళ్లకు ఆ మనిషికి కాళ్లు వాచాయి, ముఖం ఉబ్బింది, కిడ్నీలు పోయాయన్నారు. ఆ ఊళ్లో అది కొత్త మాటేమీ కాదు. తండ్రి పోయాక కమల మనసులో మిగిలింది ఆ తువ్వాలే. ఒక్కో ధారగా మనిషి ప్రాణమే అలా కారిపోయిందని ఆమెకు గట్టి నమ్మకం.

అసలు ఆ జబ్బు ఎందుకొస్తుందో తేల్చి చెప్పినవాళ్లు ఈరోజుకీ లేరు. ఒకరు నీళ్లన్నారు, ఒకరు మట్టన్నారు, ఒకరు నొప్పి మాత్రలన్నారు. ఒకసారి మెడికల్ క్యాంపుకు వచ్చిన డాక్టరు, ఎండలో చెమటోడ్చి పనిచేస్తూ సరిగా నీళ్లు తాగకపోవడం కూడా ఒక కారణం కావచ్చు, చూస్తున్నాం అన్నాడు. కావచ్చు అన్న మాట గాలికి పోయింది. నీళ్లు అన్న మాట సగం పోయింది. చెమట అన్న మాట ఒక్కటే కమల గుండెల్లో మేకులా దిగింది.

అందుకే పలాసలో జీడిపప్పు దుకాణం ఉన్న లోకనాథ్ సంబంధం వచ్చినప్పుడు, పెళ్లికొడుకు ఎలా ఉంటాడని అడగలేదు, వాళ్లింటికి నీళ్లెక్కడివని అడిగింది. పెళ్లయి పలాస వచ్చాక, ఉద్దానం దాటాం కదా, గండం గడిచిందనుకుంది. కూతురు పుట్టింది. ఐశ్వర్య అని పేరు పెట్టి ఐశూ అని పిలుచుకున్నారు. ఆ పిల్ల పాకే వయసులో ఉండగానే, తోట చూసుకుంటున్న అన్న ధనుంజయ్‌కు కూడా అదే జబ్బు బయటపడింది. నలభై నిండకుండానే పలాస ఆస్పత్రికి డయాలసిస్‌కు తిరగడం మొదలుపెట్టాడు. అక్కడితో కమలకు అనుమానం పోయి రుజువు దొరికినట్టయింది. నాన్నది, అన్నది ఒకే రక్తం, ఒకే చెమట. మిగిలింది తన కూతురు.

ఇంత భయపడే మనిషి చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉన్నదే లేదంటే నమ్మరు. కొబ్బరికాయలు దింపే రోజు తోటలో పిల్లలకు పండగ. కాళ్లకు తాడు బంధం వేసుకుని, నడుముకు కత్తి దోపుకుని చెట్టెక్కినవాడు, గెల నరికే ముందు పైనుంచి “గెలా... ఓహోయ్” అని కేక వేస్తాడు. ఆ కేకకు చెట్టు కింద ఎవరున్నా గట్టు మీదికి తప్పుకోవాలి. అది పని పద్ధతి. పిల్లలు దాన్ని ఆట చేసుకున్నారు. చెట్టు మొదలు పట్టుకుని నిలబడడం, కేక వినగానే లగెత్తడం, గెల నేల తాకేలోగా గట్టు ముట్టుకోవడం. పెద్దవాళ్లు తిట్టేవాళ్లు, తిడుతూనే చూసేవాళ్లు. ముందు ముట్టుకున్నవాళ్లకు జనార్దనరావు తన చేత్తో లేత బొండం కొట్టి ఇచ్చేవాడు. ఆ బొండం ఎప్పుడూ కమలదే. ధనుంజయ్ ఏనాడూ చెల్లెల్ని గెలవలేదు. దీని కాళ్లకు సక్రాలున్నాయని గొణుక్కుంటూ, దాని బొండంలోనే రెండు గుక్కలు అడుక్కుని తాగేవాడు.

అలాంటి కమల, కూతురు నడక నేర్చిన రోజు మురిసిపోయింది, పరుగు నేర్చిన రోజు నీరుగారిపోయింది. అప్పటినుంచి కొంగు చేతిలోనే ఉండేది. పిల్ల నుదురు తడిమేది, మెడ వెనక తడిమేది, తడి తగిలిందా, ఫ్యాను కింద కూర్చోబెట్టేసేది. గెంతకు, ఎగరకు, మెట్లెక్కకు. పిల్లకు ఆడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, దానికీ దారి కనిపెట్టింది. దుకాణం నుంచి జీడిపప్పు తెప్పించి పళ్లెంలో పోసి, గుండు పప్పు ఒక పక్కకు, బద్దలు ఇంకో పక్కకు ఏరమనేది. ఐశూ బాసింపట్టు వేసుకుని పొద్దుగూకేదాకా ఏరేది. వచ్చినవాళ్లు చూసి, ఓలమ్మా, ఎంత బుద్ధిమంతురాలు గుంట అని బుగ్గలు పుణికేవాళ్లు. మొక్కై వంగనిది మానై వంగునా అని కమలను మెచ్చుకునేవాళ్లు. వంచడం సరే తల్లీ, మొక్క ఎదగాలి కదా అన్నవాళ్లు ఒక్కరూ లేకపోయారు.

లోకనాథ్ ఒకసారి అనబోయాడు, పిల్లను కాస్త సందులోకి వదలరాదా అని. మీ ఇంట్లో ఎవరికీ నేదు, మీకేటి తెలుస్తాది అంది కమల. ఆ ఒక్క మాటకు ఆయన నోరు పడిపోయింది. పొద్దంతా దుకాణంలో ఎంతటి బేరగాడితోనైనా వాదించి గెలిచే మనిషి, ఇంట్లో బేరం మొదలుకాకుండానే ఓడిపోయాడు. ఆయన్ని మాత్రం ఏమని తప్పుపడతాం? మామను పోగొట్టుకున్న ఇల్లు, బావమరిది మంచానపడ్డ ఇల్లు. ఆ భయానికి ఎదురు చెప్పడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?

బడి కూడా కమలకు తోడొచ్చింది. ఎల్‌కేజీలో పిల్లలకు ముందు నేర్పింది అక్షరాలు కాదు, చేతులు కట్టుకోవడం, నోటి మీద వేలేసుకోవడం. గది చిన్నది, పిల్లలు ఎక్కువ. ఒకరు లేస్తే ఇంకొకరి మీద పడతారు. టీచరు గొంతు పెంచితే చాలు, అందరూ చేతులు కట్టుకుని నోటి మీద వేలేసుకోవాలి. అందరికన్నా ముందు వేలేసుకునేది ఐశూ. ఆ విద్య ఇంటికీ వచ్చింది. ఇంట్లో ఎవరు గట్టిగా మాట్లాడినా, చివరికి టీవీలో ఎవరైనా అరిచినా, పిల్ల చేతులు వాటంతటవే ముడుచుకునేవి. కమల అది చూసి నవ్వుకునేది, మా గుంట క్లాసుకి ఫస్టు అని చెప్పుకునేది.

ఒకటో తరగతికి వచ్చేసరికి వాణి అని కొత్త టీచరు వచ్చింది. టెక్కలి అమ్మాయి. రోజూ సాయంత్రం బడి వదలబోయే ముందు పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్లి గెంతించడం, ముట్టుకునే ఆటలు ఆడించడం మొదలుపెట్టింది. సంగతి తెలిసిన మర్నాడే కమల బడికి వెళ్లింది. మా ఇంట్లో ఇలా ఇలా జరిగింది, మా పాపను మాత్రం కూర్చోబెట్టండి అని బతిమాలింది. ఏడ్చింది కూడా. ఏడ్చే తల్లికి ఏ టీచరు మాత్రం ఎదురు చెబుతుంది? ఐశూకు డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో ఒక కుర్చీ వేశారు. మిగతా పిల్లలు చెప్పులు విప్పి దాని ముందు పెట్టి ఆడుకోవడానికి పోయేవాళ్లు. ఆ చెప్పులకు కాపలా ఐశూ పని. పని అప్పగించారు కాబట్టి పిల్ల అది కూడా శ్రద్ధగానే చేసింది.

కొన్నాళ్లకు వాణి టీచరే కమలను పిలిపించింది. “ఒంటికాలి మీద నిలబడమంటే పడిపోతోందండీ మీ పాప. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటోంది. నీళ్ల బాటిల్ కూడా ఎలా తెచ్చిందో అలాగే ఇంటికి పట్టుకెళ్లిపోతోంది” అని చెప్పింది. పడిపోద్దనే కదండీ కూర్చోబెట్టమన్నాను అంది కమల. బాటిల్ మాటకు ఆమె దగ్గర జవాబు ఉంది. చెమట పట్టదు కాబట్టి దాహం వేయదు, ఒంట్లో నీరు ఒంట్లోనే ఉందన్న మాట. ఇంతకన్నా ఏం కావాలి? వాణి టీచరు ఇంకేదో చెప్పబోయి, ఈ తల్లి ముఖం చూసి ఊరుకుంది.

కానీ ఆ మాటలు కమలను ఊరుకోనివ్వలేదు. సాయంత్రం వంటింట్లోంచి చూస్తే ఐశూ బాల్కనీ గ్రిల్లు పట్టుకుని నిలబడి ఉంది. కింద సందులో పిల్లలు ఒకళ్లనొకళ్లు తరుముకుంటున్నారు. ఈ పిల్ల కాళ్లు కదలడం లేదు. కళ్లు మాత్రం సందు ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెడుతున్నాయి. కళ్లకు చెమట పట్టదు కదా. కమలకు ఎక్కడో కలుక్కుమంది. పోనీ ఒక్కసారి దింపుదామా అనుకుంది. తలుపు దాకా వెళ్లి గడియ మీద చెయ్యి కూడా వేసింది. అంతలోనే తండ్రి తువ్వాలు కళ్ల ముందు ఆడింది. వెనక్కి వచ్చి పళ్లెంలో జీడిపప్పు పోసి పిల్లను పిలిచింది. ఆ గడియ పిల్లకే పడిందనుకునేరు, తల్లికీ పడింది. పెళ్లయ్యాక కమల కూడా గట్టిగా నాలుగడుగులు వేసిన మనిషి కాదు.

అలాగే గడిచిపోయేదేమో. ఆ శనివారం తోటలో కాయలు దింపించాలి, దగ్గరుండి చూసుకోవడానికి తనకు ఓపిక లేదు, ఒక్క పూట రమ్మని ధనుంజయ్ ఫోన్ చేశాడు. ఆ రోజు బడికి సెలవు. లోకనాథ్ దుకాణానికి పోవాలి. పిల్లను ఎక్కడ వదలాలి? తప్పనిసరై కమల ఐశూను వెంటబెట్టుకుని కవిటి ఆటో ఎక్కింది. దారి పొడవునా ఒకటే పాఠం. నీడలో కూకోవాల, నాను సెప్పేదాకా కదలకూడదు. పిల్ల తలూపింది.

తోటలో గట్టు మీద ధనుంజయ్‌కు కుర్చీ వేసి ఉంది. మనిషి సగమైపోయాడు. తోట నిండా బొండాలున్నా ఒక్కటీ నోట పెట్టకూడదన్నారు డాక్టర్లు. మంచినీళ్లు కూడా కొలుచుకుని తాగాలి. అయినా మేనకోడలిని చూసి నవ్వి, దగ్గరకు పిలిచి తల నిమిరాడు. కమల కాయలు దింపడం అయిపోయిన వరసలో ఒక చెట్టు నీడన గోనెసంచి పరిచి, ఐశూను కూర్చోబెట్టి, పక్కన నీళ్ల బాటిల్ పెట్టి, కాయల లెక్క చూడడానికి అన్న దగ్గరకు పోయింది.

ఎండ జరిగింది, ఎండతో పాటు నీడా జరిగింది. కదలొద్దంది అమ్మ, ఎండలో ఉండొద్దంది కూడా అమ్మే. పాపం ఆ పిల్ల ఏది పాటించాలి? బాగా ఆలోచించుకుని, గోనెసంచి ఈడ్చుకుంటూ నీడ వెంట జరిగింది. అలా జరిగి జరిగి పక్క వరసలోకి వచ్చేసింది. ఆ వరసలోనే చెట్టు మీద నాగరాజు ఉన్నాడు. వాడు ఈ తోటలో ఎన్నో ఏళ్లుగా కాయలు దింపుతున్న మనిషి. మట్టల గుబురులోంచి వాడికి కింద ఉన్న పిల్ల కనపడలేదు. అలవాటు ప్రకారం కేక వేశాడు.

“గెలా... ఓహోయ్!”

కమల తలెత్తి చూసింది. చెట్టు కింద ఐశూ. “ఐశూ, లగెత్తే!” అని గొంతు చించుకుని అరిచింది. పైన కేక, ఇటు తల్లి కేక. అంత గట్టిగా అరిస్తే ఏం చేయాలో ఐశూకు బాగా తెలుసు. లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. నోటి మీద వేలేసుకుంది.

కమల పరిగెత్తింది. ఏనాడూ ఏ గెలకూ ఓడిపోని కాళ్లు ఈసారి ఓడిపోయాయి. సగం దూరంలో ఉండగానే గెల వచ్చి నేలకు కొట్టుకుంది. పిల్లకు జానెడు పక్కన పడింది. కాయలు చెల్లాచెదురై ఒకటి దొర్లుకుంటూ పిల్ల పాదానికి తగిలి ఆగింది. ఐశూ నోటి మీది వేలు తియ్యలేదు. కళ్లు మాత్రం పెద్దవి చేసి చూస్తోంది.

కమల వెళ్లి పిల్లను ఒళ్లంతా తడిమింది. ఎక్కడా దెబ్బ లేదని తెలిశాక, వీపు మీద ఛెళ్లున ఒకటి వేసింది. భయం అలాగే దిగుతుంది మనుషులకు.

“ఎందుకు పరిగెట్టనేదే?”

“నువ్వే ఒద్దన్నావు కదా. పరిగెడితే సెమట పడతాది. సెమట పడితే మావయ్యలాగ అయిపోతాను కదా.”

మావయ్య అక్కడే ఉన్నాడు. కర్ర పట్టుకుని, అంత దూరమూ రొప్పుకుంటూ నడిచి వచ్చాడు. ఆ మాట విన్నాడు. కమల తలెత్తలేకపోయింది. భూమి చీలితే దూరిపోదునే అనిపించింది. నాగరాజు చెట్టు మీది నుంచే, నాను సూడనేదమ్మా, సూడనేదమ్మా అని మొత్తుకున్నాడు.

ధనుంజయ్ కోప్పడలేదు. గోనెసంచి మీద మెల్లగా కూర్చుని, నిండుగా ఉన్న బాటిల్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నాకిది ఎందుకొచ్చిందో డాక్టర్లకే అంతు సిక్కనేదు. నీకు తెలిసిపోనాదేటే కమలా?” అన్నాడు. కాసేపు ఊపిరి పీల్చుకుని మళ్లీ అన్నాడు. “పొద్దున్న నుంచీ సూత్తన్నాను, ఈ గుంట గుక్కెడు తాగనేదు. నాకు దాహమేత్తాది, నీళ్లు తాగనివ్వరు. దీనికి బాటిల్ నిండా నీళ్లున్నాయి, దాహమే నేదు. నువ్వు కాపాడతన్నది ఏటే?”

కమల ఇన్నేళ్లుగా చెమట ఒక్కదాన్నే చూసింది, పిల్ల గొంతు తడి ఆరిందో లేదో చూడలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్న ఏడవనిచ్చాడు. తర్వాత తల పైకెత్తి, నాగరాజూ, కాయ కొయ్యకుండా ఒట్టి కేక ఒకటి ఎయ్యరా అన్నాడు. నాగరాజుకు అర్థమైంది. వాడి చిన్నప్పుడూ ఆ తోటలో అదే ఆట.

కమల పిల్లను చెట్టు మొదట్లో నిలబెట్టింది. కట్టుకున్న చేతులు విప్పదీసింది. అవి మళ్లీ ముడుచుకున్నాయి, మళ్లీ విప్పింది. కేక వినపడగానే గట్టు దాకా పరిగెట్టాలని చెప్పింది. చెబుతుంటే ఆమె గొంతు ఆమెకే పరాయిగా వినిపించింది. భయం పోయిందనుకోకండి. తండ్రి గుమ్మంలో నిలబడి తువ్వాలు పిండుతూనే ఉన్నాడు. అయినా పిల్ల వీపు మీద చెయ్యి వేసి, పద అంది.

కేక పడింది. ఐశూ కదిలింది. దాన్ని పరుగు అనడానికి లేదు. పాదాలు ఈడ్చుకుంటూ, చేతులు ఎటు ఊపాలో తెలియక, దూడ మొదటిసారి లేచినట్టు తూలుతూ పోయింది. మధ్యలో మట్ట తగిలి బోర్లా పడింది. కమల కాలు ముందుకు పడబోయింది. ధనుంజయ్ కర్ర అడ్డం పెట్టాడు. పిల్ల లేచి, వెనక్కి తిరిగి చూసి, ఎవరూ ఆపడం లేదని తేల్చుకుని, మళ్లీ పోయింది. ఈసారి కాస్త పరుగులాగే ఉంది. గట్టును రెండు చేతులతో ముట్టుకుని అక్కడే కూలబడింది.

కమల వెనకే వెళ్లింది. పిల్ల ముఖం కందిపోయి ఉంది, రొప్పుతోంది, మోకాలికి మట్టి. అలవాటు ప్రకారం కమల చెయ్యి కొంగు కోసం పోయింది. అది చూడగానే ఐశూ చప్పున రెండు అరచేతులతో నుదురు మూసేసుకుంది.

“నాకు సెమట పట్టనేదమ్మా. ఒట్టు. ఇంకోపాలి కేకెయ్యమను.”

అది ఆ పిల్ల తల్లితో ఆడిన మొదటి అబద్ధం. వేళ్ల సందుల్లోంచి చెమట చుక్కలు కారి కనుబొమల మీద పడుతున్నాయి. కమల కొంగు వదిలేసింది. బాటిల్ మూత తీసి అందించింది. ఐశూ గటగటా తాగింది, మెడ మీద కారినా ఆగకుండా తాగింది. అవతల ధనుంజయ్ ఆ గుటకలనే చూస్తూ నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. బాటిల్ ఖాళీ అయ్యేదాకా పిల్ల ఒక చేత్తో తాగుతూనే, రెండో చేత్తో నుదురు మాత్రం మూసుకునే ఉంది.